పిల్లాజెల్లాతో మంచుకొండకు

మన పావగడ తాలూకాలో పుట్టి పెరిగినవాళ్లకు మంచు అంటే ఏమిటి? మార్గశిర మాసంలో తెల్లవారుజామున చెనక్కాయ వామి మీద చెయ్యి పెడితే తగిలే తడి. లేదంటే కోటకొండ నడుముకు చుట్టుకొని, ఎండ ఎక్కేసరికి మాయమయ్యే తెల్లని పొగ. కన్నడంలోనూ దాన్ని మంజు అనే అంటాం. ఇక బడిలో 'హిమ' అనే మాట వస్తే ఐసుగడ్డ పేరు చెప్పి ముందుకు పోయేదాన్ని. అసలు హిమం నాకే తెలియదు మరి, పిల్లలకేం చెబుతాను? నలభై దాటిన తరువాత గానీ దాన్ని కళ్లారా చూడలేదు.

ఇప్పుడు కాలం మారింది. పావగడ నుంచి, వై.ఎన్. హొసకోట నుంచి, అటు మడకశిర, హిందూపురం, పెనుకొండల నుంచి కూడా కుటుంబాలు బెంగళూరుకు బస్సెక్కి, అక్కడి నుంచి విమానంలో శ్రీనగరు చేరి, గుల్మార్గు మంచు చూసి వస్తున్నాయి. నేను ఒకసారి పోయి వచ్చానని తెలిసి చాలామంది అడుగుతుంటారు: "మేడం, పైకి పోయే లిఫ్టు టిక్కెట్టు ఎట్లా తీసుకోవాలి? పిల్లలకు స్కీయింగు నేర్పేవాళ్లు ఉంటారా?" ఈ రెండింటికీ నాకు తెలిసినంత చెబుతాను. కానీ వీటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. పొద్దున పది గంటలకు మీరంతా కాళ్లకు స్కీలు కట్టుకొని నిలబడినప్పుడు, ఇంట్లో అందరికంటే చిన్నవాణ్ణి ఎవరు ఎత్తుకుంటారు? ఆ ప్రశ్నను చివరికి వదిలేసి మేం బయలుదేరాం. అందుకే ఈ పొద్దు మీతో చెప్పడానికి నాకు ఇన్ని సంగతులు దొరికాయి.

మేం పోయింది 2023 ఫిబ్రవరి మూడో వారంలో. నేను, మా ఆయన, పదకొండేళ్ల మా అమ్మాయి, నాలుగేళ్ల మా చిన్నవాడు, మా అత్తమ్మ, మొత్తం ఐదుగురం. మా అత్తమ్మకు తిరుమణి వైపు ఆరెకరాల మెట్ట ఉంది. వాన వస్తే చెనక్కాయ, రాకపోతే బీడు. సోలారు పార్కు వచ్చినప్పుడు ఆ పొలం కౌలుకు పోయింది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్లకొకసారి నూటికి ఐదు చొప్పున పెరిగే కౌలు. ఆ డబ్బు ఆమె ఖాతాలోనే పడుతుంది. మా ప్రయాణానికి విమానం ఛార్జీలు ఆ ఖాతా నుంచే వచ్చాయి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కొంచెం సేపట్లో మీకే తెలుస్తుంది.

బి.ఇడి. చదివేటప్పుడు మా చేత పాఠ్యపథకాలు రాయించేవారు. ఎడమవైపు నిమిషాలు, నడుమ ఉపాధ్యాయుడి పని, కుడివైపు విద్యార్థుల పని. ఆ అలవాటు పోలేదు. గుల్మార్గు ప్రయాణానికి కూడా ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి, మూడు రోజులకు వేళపట్టిక రాశాను. మొదటి రోజు అందరూ లిఫ్టులో పై దాకా. రెండో రోజు, మూడో రోజు పది నుంచి ఒంటిగంట దాకా అమ్మాయికి, మా ఇద్దరికీ స్కీ పాఠం. ఆ రెండు రోజులూ 'అవ్వ, చిన్నవాడు' అనే గడిలో ఒకే మాట రాసి ఉంది: గదిలో. అంత చక్కగా కుదిరిందని మా ఆయనకు చూపించి మెచ్చుకోలు కూడా పొందాను.

ముందు లిఫ్టు సంగతి. గుల్మార్గు సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న పెద్ద పచ్చికబయలు. చలికాలంలో అదంతా తెల్లగా కప్పేసి ఉంటుంది. అక్కడి నుంచి కొండమీదికి ఇనుపతీగ మీద నడిచే డబ్బాలున్నాయి. గొండోలా అంటారు. ఒక్కొక్క డబ్బాలో ఆరుగురు కూర్చోవచ్చు. అది రెండు విడతలుగా నడుస్తుంది. మొదటి విడత కొంగ్‌డూరి దాకా, అంటే సుమారు 3,080 మీటర్లకు. ఇది 1998లో మొదలైంది. రెండో విడత అఫర్వత్ కొండ మీద సుమారు 3,950 మీటర్ల దాకా పోతుంది. అది 2005లో వచ్చింది. యంత్రాలు పోమా అనే ఫ్రాన్సు కంపెనీవి. నడిపేది జమ్మూకాశ్మీర్ ప్రభుత్వపు కేబుల్ కార్ కార్పొరేషన్. మనకు తెలిసిన నందికొండ 1,478 మీటర్లు. ఆ పైస్టేషను దానికి రెండున్నర రెట్లకు పైన ఉందన్నమాట.

టిక్కెట్టు విషయంలో మన తెలుగువాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. తిరుమలకు మూడువందల రూపాయల దర్శనం టిక్కెట్టు తీసుకున్నవాళ్లెవరైనా ఈ పని చేయగలరు. అదే పద్ధతి. ముందుగా ఆన్‌లైన్‌లో, పేరుతో, గుర్తింపు కార్డుతో, తేదీ వేళ చూసుకొని తీసుకోవాలి. మంచు సీజనులో కొన్ని రోజుల టిక్కెట్లు ముందుగానే అయిపోతాయి. అక్కడికి పోయి చూసుకుందాంలే అనుకుంటే దళారుల చేతిలో పడతారు. ఏ విడతకు ఆ విడత టిక్కెట్టు వేరు. రెండోది కావాలంటే మొదటిది ఉండి తీరాలి. గాలి ఎక్కువైతే పై విడతను ఆపేస్తారు. అట్లా ఆపినప్పుడు డబ్బు వెనక్కి వచ్చే నియమం ఏమిటో, మనమే పోలేకపోతే ఏమవుతుందో టిక్కెట్టు కొనకముందే చదువుకోవాలి.

ఈ చివరి వాక్యం నేను చదవలేదు. శ్రీనగరు నుంచి గుల్మార్గు సుమారు 50 కిలోమీటర్లు. మంచు ఎక్కువగా ఉంటే తంగ్‌మార్గు దగ్గర బండి మారాలి. చక్రాలకు గొలుసులు కట్టిన స్థానిక వాహనాలే పైకి పోతాయి. అట్లా మారి, సామాన్లు దించి ఎక్కించి, గది చేరేసరికి చీకటి పడింది. మరుసటి పొద్దునే అఫర్వత్ టిక్కెట్లు ఐదుగురికీ. పొద్దున లేచేసరికి చిన్నవాడు వాంతి చేసుకున్నాడు. నాకు కణతలు పగిలిపోతున్నాయి. మా అత్తమ్మ వాడిని వదిలి రాననింది. చివరికి మా ఆయన, అమ్మాయి మాత్రం పోయారు. వాళ్లు కొంగ్‌డూరి చేరేసరికి గాలి లేచి పై విడత ఆగిపోయింది. ఆ పై విడత డబ్బు తరువాత వెనక్కి వచ్చింది. మా ముగ్గురి మొదటి విడత టిక్కెట్లు మట్టుకు పోయినట్టే. తప్పు వాళ్లది కాదు, మాదే. ఆరేడువందల మీటర్ల ఎత్తున బతికే మనుషులం, రెండు వేల ఆరువందలకు ఎక్కిన మరునాడే నాలుగు వేలకు పోదామని రాసుకున్నాం. ఆ పైస్టేషను దగ్గర గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదాంట్లో అరవై శాతం చిల్లర మాత్రమే. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు బయలుదేరకముందే డాక్టరును అడగాలి. మిగిలినవాళ్లు కూడా మొదటి రోజు ఏమీ పెట్టుకోకుండా, వేడినీళ్లు తాగుతూ, నెమ్మదిగా తిరగాలి.

ఇంకొక మాట. స్కీ నేర్చుకోవాలనుకునేవాళ్లకు మొదటి రెండు మూడు రోజులు ఆ గొండోలా అవసరమే లేదు. ఇది చాలామందికి తెలియదు. యూరపులో, అమెరికాలో లిఫ్టు పాసు అని ఒకటి ఉంటుంది. ఒక రోజుకో ఆరు రోజులకో ఒకే కార్డు, దాంతో ఆ కొండమీదున్న లిఫ్టులన్నీ ఎక్కవచ్చు. అక్కడ కూడా కొత్తగా నేర్చుకునేవాళ్లు కింది వాలుకు మాత్రమే పనికివచ్చే చిన్న పాసుతో సరిపెట్టుకుంటారు. గుల్మార్గులోనూ నేర్చుకునే వాలు కిందనే, ఆ బయలు అంచుల్లోనే ఉంది. కడ్డీ పట్టుకుంటే లాక్కుపోయే చిన్న లిఫ్టులు ఉన్నాయి. మొదటి రోజైతే ఆ కడ్డీ కూడా లేదు, అడ్డంగా అడుగులు వేస్తూ కాళ్లతోనే ఎక్కమంటారు. పైన అఫర్వత్ మీద ఉన్నది చదును చేసిన బాట కాదు. మేం పోవడానికి కొద్ది రోజుల ముందు, 2023 ఫిబ్రవరి 1న, అక్కడ మంచుచరియ జారి పోలండు దేశపు స్కీయర్లు ఇద్దరు చనిపోయారు. వాళ్లు ఆ విద్య తెలిసినవాళ్లు. పై టిక్కెట్టు ఉంది కదా అని కొత్తవాళ్లు స్కీలు భుజాన వేసుకొని ఎక్కే చోటు కాదది. చూసి దిగి రావడానికైతే సరే.

ఇక పాఠం. స్కీ నేర్పేవాళ్లు గుల్మార్గులో చాలామంది ఉన్నారు. బూట్లు, స్కీలు, కర్రలు అద్దెకు దొరుకుతాయి. మన ఊళ్లో కొనుక్కొని మోసుకుపోవలసినవి ఊలు లోదుస్తులు, మేజోళ్లు, నల్ల కళ్లద్దాలు, అంతే. పాఠానికి కుదుర్చుకునేటప్పుడు రిజిస్టరయిన గైడేనా అని అడగండి. గంటకా పూటకా, సామాను అద్దె కలిపా విడిగానా, పిల్లలకు తలమీద హెల్మెట్టు ఇస్తారా లేదా, అన్నీ ముందే తేల్చుకోండి. ఒక్కో పాఠానికే డబ్బు ఇవ్వండి. మూడు పూటలకు ఒకేసారి కట్టేస్తే రెండో పూట మనసు మారినా మార్చుకోలేరు. మేం కట్టేశాం.

మా అమ్మాయికి నేర్పినాయన మంచివాడు, ఓర్పున్నవాడు. అయితే ఆయనకు కాశ్మీరీ, ఉర్దూ. మా పిల్లకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. హిందీ మూడో భాషగా అప్పుడే అక్షరాలు దిద్దుతోంది. మోకాళ్లు వంచమని ఆయన "ఘుట్నే మోడో, మోడో" అని అరుస్తున్నాడు. కన్నడంలో మోడ అంటే మబ్బు. ఇది తల పైకెత్తి మబ్బుల్లోకి చూస్తూ, నేరుగా పోయి మంచుకుప్పలో పడింది. నవ్వు ఆగలేదు గానీ, పంతులమ్మగా నాకది గుర్తుండిపోయింది. తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవాలని మేం బి.ఇడి.లో చదివింది ఇదే. పోకముందే పిల్లలకు నాలుగైదు హిందీ మాటలు నేర్పించండి: రుకో అంటే ఆగు, ధీరే అంటే మెల్లగా, దాయే అంటే కుడి, బాయే అంటే ఎడమ. ఆగడం ఎట్లాగో ఇంటిదగ్గరే చెప్పవచ్చు. ఎద్దులబండి నొగలు కాడి దగ్గర కలిసినట్టు రెండు స్కీల ముందుకొనలు దగ్గరికి తెచ్చి, వెనకకొనలు దూరం పెడితే వేగం తగ్గుతుంది. ఆ మాట చెప్పినాకనే మా పిల్లకు పట్టుబడింది. బండి నొగలు చూసిన పిల్ల కాబట్టి సరిపోయింది.

తండ్రులకు ఒక విన్నపం. మీకు కొంచెం వచ్చినా సరే, మీ పిల్లలకు మీరు నేర్పబోకండి. లెక్కలు నేర్పినట్టే అవుతుంది, ఇద్దరూ కేకలు. బయటి మనిషి చెబితే పిల్లలు వింటారు. పది పన్నెండేళ్ల పిల్లలకు మూడు గంటలు గరిష్ఠం. అంతకు చిన్నవాళ్లకు గంటన్నర దాటితే పాఠం కాదది, ఏడుపు. నిజంగా నేర్చుకోవాలనే పట్టుదల ఉన్న పెద్ద పిల్లలకైతే కుటుంబ ప్రయాణం దారి కాదు. గుల్మార్గులో కేంద్ర పర్యాటక శాఖ కింద స్కీయింగు, పర్వతారోహణ సంస్థ ఉంది. మనాలిలో అటల్ బిహారీ వాజపేయి పేరున్న పర్వతారోహణ సంస్థ ఉంది. వాటిలో రోజుల తరబడి నడిచే తరగతులు ఉంటాయి. వయసు నిబంధన చూసుకొని, కాలేజీకి వచ్చాక అక్కడికి పంపించండి.

ఇప్పుడు ఆ గడి దగ్గరికి వస్తాను. 'అవ్వ, చిన్నవాడు: గదిలో' అన్న గడి.

రెండో రోజు మధ్యాహ్నం పాఠం ముగించుకొని, బట్టలు తడిసి, నవ్వుకుంటూ గదికి వచ్చాం. చిన్నవాడు నిద్రపోతున్నాడు. కిటికీ అద్దానికి మంచు పేరుకొని బయటికేమీ కనపడడం లేదు. మా అత్తమ్మ రెండు దుప్పట్లు కప్పుకొని మంచం మీద గోడవైపు చూస్తూ కూర్చుని ఉంది. ఆమె మోకాళ్లు మన బోరునీళ్లు తాగి తాగి బిగుసుకుపోయినవే. ఫ్లోరైడు సంగతి ఈ తాలూకాలో ఎవరికి చెప్పాలి? నన్ను చూసి, కోపం లేకుండానే అనింది: "ఏమ్మా, ఈ గోడలు చూసేకి ఇంతదూరం వస్తినా? గోడలు మనింట్లో లేవా?"

నాకు బదులు రాలేదు. వేళపట్టికలో మేం ముగ్గురం ఎప్పుడు ఏం నేర్చుకోవాలో నిమిషాలతో సహా రాశాను. ఆమె పేరు పక్కన చూడడానికని ఒక్క గంట రాయలేదు. పిల్లవాణ్ణి చూసుకోవడానికి అత్తమ్మ ఉందిగా అనుకున్నామే తప్ప, అత్తమ్మ కూడా మంచు చూడడానికే బయలుదేరిందని మాకు తోచలేదు. ఆమె పొలం కౌలుడబ్బుతో పోయి, ఆమెనే ఆయాను చేసి గదిలో కూర్చోబెట్టాం. ఆమె అడగకపోతే మూడో రోజూ అట్లాగే గడిచిపోయేది.

ఆ రాత్రి నేను, మా ఆయన కొంచెం గట్టిగానే మాట్లాడుకున్నాం. మూడో పూటకు కూడా డబ్బు కట్టేశాం కదా, వదులుకుంటే ఎట్లా అని ఆయన వాదన. నువ్వు వదులుకో అంటే నువ్వు వదులుకో అనుకున్నాం. ఇద్దరికీ ఆ వాలు మీద జారడం అప్పటికే రుచి తగిలింది. చివరికి ఆయనే ఒప్పుకున్నారు. ఆ పూట అమ్మాయి పాఠానికి పోయింది. ఆయన చిన్నవాణ్ణి ఎత్తుకొని ఆ వాలు కిందనే నిలబడ్డారు. నేను అత్తమ్మను బయటికి తీసుకుపోయాను. మొదటి విడత దాకా అయినా ఆమెను ఎక్కించాలని నా ఆశ. చూస్తే ఆ రోజుకు టిక్కెట్లు లేవు. మొదటి రోజు వృథా చేసిన టిక్కెట్టులో ఒకటి ఆమెది. తీగమీద పోతున్న డబ్బాలను కింద నిలబడి చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

అక్కడ స్లెడ్జిబండ్లు లాగేవాళ్లు ఉంటారు. చెక్కపీట మీద కూర్చోబెట్టి తాడుతో మంచుమీద లాక్కుపోతారు. ఒకాయన వచ్చి అడిగితే మా అత్తమ్మ ససేమిరా అనింది. "మనిషిని మనిషి లాగేదేంటికి? నేను ఎద్దును తోలినదాన్నే గాని మనిషిని తోల్లేదు." నాకు వచ్చిన హిందీలో ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన నవ్వి, మీరు ఎక్కకపోతే ఈ రోజు నాకు కూలి లేదమ్మా అన్నాడు. కూలి అన్న మాట ఆమెకు ఏ భాషలో చెప్పినా అర్థమవుతుంది. ఎక్కింది. చదునుగా ఉన్నంత దూరం కూర్చుని, ఎత్తు వచ్చిన చోటల్లా ఆపించి, నా చెయ్యి పట్టుకొని దిగి నడిచింది. ఆ మోకాళ్లతోనే. ఒక చోట వంగి పిడికెడు మంచు తీసి నోట్లో వేసుకొని, "ఉప్పు మాదిరుందే గాని సప్పగుంది" అనింది. పైకి రంగులకోటు, కింద చీర, కాళ్లకు అద్దెకు తెచ్చిన రబ్బరు బూట్లు. ఆ ఫొటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి అమెరికాలో డెన్వరు ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు. కొలరాడో రాష్ట్రం, స్కీ కొండలకు పేరుపొందిన చోటు. ఈ కథంతా ఫోనులో చెబితే అతను అన్నాడు: "మేడం, ఇక్కడ మేం మొదట బుక్ చేసేది పిల్లల స్కీ బడినే. దాని తరువాతే మా పాసులు." అక్కడ పొద్దున తొమ్మిదికి పిల్లను అప్పజెబితే మధ్యాహ్నం మూడింటికి తిరిగి ఇస్తారట, నడుమ భోజనం వాళ్లదే. సాధారణంగా మూడేళ్లు నిండాలి, మూత్రానికి, దొడ్డికి తనంతట తాను చెప్పగలగాలి. అంతకు చిన్నపిల్లలకు కొన్ని చోట్ల శిశువిహారం ఉంటుంది, దానికీ ముందే చోటు పట్టుకోవాలి. ఫ్రాన్సులో చాలా స్కీ ఊళ్లలో ఐదేళ్లలోపు పిల్లలకు లిఫ్టు పాసుకు డబ్బు తీసుకోరు. అవ్వతాతలు రాని దేశాల్లో పెరిగిన ఏర్పాటు ఇది. మన దగ్గర వాలు పక్కన శిశువిహారం ఉంటుందని నమ్ముకొని పోకండి. అడిగితే కొన్ని పెద్ద హోటళ్లు మనిషిని ఏర్పాటు చేస్తాయి. అదీ గది తీసుకునేటప్పుడే అడగాలి, పోయాక కాదు.

కాబట్టి మీ నోటుపుస్తకంలో చిన్నపిల్లవాడి గడి ముందు నింపండి. ఒక పూట తల్లి, ఒక పూట తండ్రి, ఒక పూట అవ్వ. ఎవరి చేతిలో పిల్లవాడు లేడో వాళ్లకు ఆ పూట పాఠం. పెద్దలిద్దరూ ఒకేసారి నేర్చుకోవాలనే కోరిక వదిలేస్తే సగం చిక్కు విడిపోతుంది. ఆ గడులు నిండాక పాఠాలు, పాఠాలు కుదిరాక లిఫ్టు టిక్కెట్లు. మేం దీన్ని తలకిందులుగా చేశాం.

చిన్నవాళ్లతో ఇంకొన్ని చిక్కులున్నాయి. చేతితొడుగులు పారేసుకుంటారు. రెండింటినీ ఒక దారానికి కట్టి చొక్కా చేతుల్లోంచి తీయండి. కోటు వేసేముందే ఒంటికి పంపించండి, వేశాక విప్పాలంటే పావుగంట. మేజోళ్లు తడిస్తే వెంటనే మార్చాలి. తిండికి మేం బొరుగులు, చెనక్కాయ ఉండలు, రాగిపిండి మోసుకుపోయాం. రాగిజావ కాచి ఇస్తామని హోటలు వంటమనిషే ముందుకొచ్చాడు, అతనికది కొత్త వంట. అన్నిటికంటే ముఖ్యం, గదిలో బొగ్గు కుంపటి పెట్టుకొని తలుపులు కిటికీలు బిగించి పడుకోవద్దు. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. కరెంటు దుప్పటి ఇస్తారు, అది చాలు.

ఎప్పుడు పోవాలనేది మన సరిహద్దు జనానికి అసలు తలనొప్పి. మంచు ఉండేది డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా. కర్ణాటక బడులకు పెద్ద సెలవులు దసరాకు, ఎండాకాలానికి. అవి రెండూ మంచుకు పనికిరావు. అటు ఆంధ్రలో సంక్రాంతికి సెలవులు ఎక్కువ. అన్న పిల్లలు పావగడలో, చెల్లెలి పిల్లలు మడకశిరలో చదువుతుంటే రెండు కుటుంబాలు కలిసి పోవడం కుదరని పని. సంక్రాంతి సమయానికి కాశ్మీరులో చిల్లై కలాన్ నడుస్తుంటుంది. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల ఘోరమైన చలి. పసిపిల్లలతో నేనైతే ఫిబ్రవరే అంటాను, బడికి నాలుగు రోజులు సెలవు పెట్టించి. పంతులమ్మ నోట ఈ మాట రాకూడదు, అయినా అంటున్నాను. పదో తరగతి పిల్లలుంటే మాత్రం ఆ ఏడాది మానుకోండి.

మంచు కూడా మన వాన లాంటిదే, రావాలని రాసిపెట్టి ఉండదు. 2024 జనవరిలో గుల్మార్గు బయలు గోధుమరంగు గడ్డితో బోసిగా ఉండిపోయింది. నెలాఖరుకు గానీ మంచు పడలేదు. 2025లో మంచు చాలకనే ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో గుల్మార్గు పోటీలను ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. అది టూరిస్టుల బాధ మాత్రమే కాదు. కొండమీద మంచు కరిగితేనే అక్కడి వాగుల్లో, పొలాల్లో నీళ్లు. వానకోసం మొగం పైకెత్తి చూసే మనకు ఆ ఊరివాళ్ల దిగులు వేరే చెప్పనక్కరలేదు. అందుకని మార్చుకోగలిగిన టిక్కెట్లు, వదులుకోగలిగిన గదులు చూసుకోవాలి.

భద్రత మాట దాటవేయడం న్యాయం కాదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర ఉగ్రవాదులు 26 మందిని చంపారు. ఎక్కువమంది కుటుంబాలతో పోయినవాళ్లే, అందులో మన రెండు రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు. ఆ తరువాత కాశ్మీరులో చాలా చోట్లు మూసివేసి, విడతలవారీగా తెరుస్తూ వచ్చారు. గుల్మార్గు అధీనరేఖకు దగ్గర. సరిహద్దు అంటే మనకు కండక్టరు కన్నడం వదిలి తెలుగు ఎత్తుకునే చోటు. అక్కడ అట్లా కాదు. డబ్బు కట్టేముందు, బయలుదేరేముందు, రెండుసార్లు పరిస్థితి కనుక్కోండి. ఇంట్లో ఎవరికైనా మనసొప్పకపోతే మనాలి దగ్గర సోలంగ్ ఉంది, జనవరి ఫిబ్రవరుల్లో అక్కడా మంచు పడుతుంది. ఉత్తరాఖండులో ఔలీ స్కీయింగుకు మంచి వాలే. కానీ జోషీమఠ్ నేల కుంగినందువల్ల 2023 జనవరిలో కింది ఊరి నుంచి పోయే రోప్‌వే ఆపేశారు. ఎట్లా చేరాలో కనుక్కొని పోవాలి.

ఇంకొక చిన్న సంగతి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూకాశ్మీరులో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒకటైనా ఉండాలి. ఫోనులో ఉన్న లిఫ్టు టిక్కెట్టును కాగితం మీద అచ్చు వేయించి పెట్టుకోండి. చలికి ఫోను బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది.

మా చిన్నవాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. మళ్లీ పోదామని అమ్మాయి ఒకటే పోరు. మొన్న ఆదివారం పాత నోటుపుస్తకం తీసి కొత్త పేజీలో గీతలు గీస్తుంటే మా అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు రాయడం రాదు, చెబితే నేను రాశాను. మొదటి దినం అందరికీ రెస్టు. రెండో దినం పొద్దున చిన్నవాడు వాళ్ల నాయన దగ్గర. అవ్వ డబ్బాలో పైకి, మొదటి విడత దాకా. టిక్కెట్టు ఆమె పేరుతో, ముందుగానే.